మనమంతా ఒకే కుటుంబం

ఎవరైనా "మీరు మాకు పరాయివాళ్లా ఏమిటి, ఇంటి మనిషే కదా!" అన్నారంటే నేను కాస్త జాగ్రత్తపడతాను. ఆ మాట వెనకాలే ఏదో ఒక చాకిరీ వస్తూ ఉంటుంది. పెళ్లివారింట్లో వంద విస్తళ్ల వడ్డన కావచ్చు, పక్కింటి పిల్లాణ్ణి సాయంత్రం దాకా చూసుకోవడం కావచ్చు, తిరిగిరాని చేబదులు కావచ్చు. పరాయివాళ్లయితే కూలి ఇవ్వాలి, కనీసం మొహమాటమైనా పడాలి. ఇంటి మనిషి దగ్గర ఆ రెండూ అక్కర్లేదు. నలభై ఏళ్లుగా ఇంటి మనిషిగా ఉంటున్నదాన్ని, నాకీ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. ఈ పేజీ చదువుతున్న మీకూ చెప్పక్కర్లేదనుకుంటాను.

అందుకే, తన దగ్గర పనిచేసే పాతికమందినీ కూర్చోబెట్టి "మనమంతా ఒకే కుటుంబం" అని ఒక కంపెనీ యజమాని చెప్పాడని మా కోడలు సంబరంగా వచ్చి చెప్పినప్పుడు నాకెందుకో గతుక్కుమంది. మావారు మాత్రం "ఎంత మంచివాడో చూశావా!" అని మురిసిపోయారు. మగవాళ్లకు కుటుంబం అంటే వేళకు కాఫీ, వేడివేడి అన్నం, మడతపెట్టిన పంచె గుర్తొస్తాయి. అవన్నీ వాటంతటవే ఎలా వస్తాయో తెలిసినవాళ్లకు మరికొన్ని గుర్తొస్తాయి. ఏం చేస్తాం!

మాది నందికొట్కూరు. కర్నూలుకు బస్సులో గంట దూరం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక మేము నంద్యాల జిల్లావాళ్లమయ్యాం గానీ, పెద్ద డాక్టరైనా పట్టుచీరైనా రైలైనా మాకు ఇప్పటికీ కర్నూలే. మావారు కాలువల ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. మా అబ్బాయి ఆత్మకూరులో టీచరు, రోజూ బస్సులో వెళ్లి వస్తాడు. ఇక మా కోడలు ఉద్యోగం చేసేది మా ఇంటి మధ్యగదిలోనే. కంపెనీ హైదరాబాదులో, ఖాతాదారులు అమెరికాలో, మనిషి నందికొట్కూరులో. మూడు లోకాలూ ఏకం చేసే పని అన్నమాట.

ఆ పనేమిటో నాకు అర్థం కావడానికి ఆర్నెల్లు పట్టింది. పళ్ల డాక్టర్లూ, చిన్న చిన్న వకీళ్లూ, ఒకటి రెండు గోదాముల వ్యాపారాలూ, అందరూ టెక్సాస్ అనే రాష్ట్రంలో ఉంటారు. వాళ్ల కంప్యూటర్ మొరాయించినా, ప్రింటరు అలిగినా, పాస్‌వర్డు మరిచిపోయినా ఒక ఫిర్యాదు రాసి పంపుతారు. దాన్ని 'టికెట్' అంటారు. టికెట్ వచ్చిన పదిహేను నిమిషాల్లోపు జవాబివ్వాలి, నాలుగు గంటల్లోపు బాగుచెయ్యాలి. మా కోడలు ఇక్కణ్ణించే అక్కడి కంప్యూటర్ లోపలికి వెళ్లి, మనం పక్కింటి వంటింట్లోకి వెళ్లి చక్కెర డబ్బా వెతికినట్టు వెతికి, సమస్య ఎక్కడుందో పట్టుకుంటుంది. చూడముచ్చటగా ఉంటుంది లెండి. కాలేజీలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల.

అక్కడ తెల్లారి ఎనిమిదయితే ఇక్కడ సాయంత్రం ఆరున్నర. అంటే మేము దీపాలు పెట్టే వేళకు తను డ్యూటీ ఎక్కి, తెల్లవారుజామున మూడున్నరకు దిగుతుంది. నవంబరులో అమెరికావాళ్లు తమ గడియారాలు గంట వెనక్కి జరుపుకుంటారట. అప్పుడు ఏడున్నర నుంచి నాలుగున్నర. మళ్లీ మార్చిలో ముందుకు. ఎక్కడో టెక్సాసులో ముల్లు తిప్పితే నందికొట్కూరులో మా ఇంట్లో అన్నం గంట అటో ఇటో అవుతుంది. ఇదివరకు గ్రహణాలకే ఇలా ఉండేది.

ఎదురింటావిడ ఒకరోజు గోడవారకు వచ్చి, "ఏందక్కా, మీ కోడలు రాత్రంతా ఎవరితోనో ఇంగ్లీషులో మాట్లాడతాంటాదే, నిద్ర పోదా?" అంది. "ఉద్యోగమమ్మా" అన్నాను. "ఇంట్లోనే కూర్చోని ఉద్యోగమా! అదృష్టం" అంది. నేనూ మొదట్లో అదృష్టమనే అనుకున్నాను. హాస్టల్ ఖర్చు లేదు, బస్సుల్లో పడి నలగక్కర్లేదు, పిల్ల కళ్లెదురుగా ఉంటుంది.

కానీ కళ్లెదురుగా ఉండడంలో ఒక చిక్కుంది. ఆఫీసు ఆఫీసులో ఉంటే అక్కడ ఏం జరుగుతోందో ఇంట్లోవాళ్లకు తెలీదు. మధ్యగదిలో ఉంటే తలుపు సందులోంచి అంతా కనిపిస్తుంది.

నాకు మొదట కనిపించింది మౌసు. అయిదు నిమిషాలపాటు అది కదలకపోతే కంపెనీవాళ్ల దగ్గర 'ఖాళీగా ఉంది' అని పడుతుందట. పది నిమిషాలకోసారి తన తెర ఫోటో కూడా వాళ్లకు వెళ్తుంది. ఖాళీ నిమిషాలన్నీ కూడి నెలాఖరున జీతంలో కోసేస్తారు. ఒక రాత్రి పదకొండింటికి గ్లాసుతో మజ్జిగ తీసుకెళ్లి చూద్దును కదా, ఆ పిల్ల కుడిచేత్తో పప్పన్నం తింటూ, ఎడమచేత్తో మౌసును ఇటూ అటూ ఊరికే తిప్పుతోంది. నేను పసిపిల్లాడికి పాలిస్తూ ఒక చేత్తో కూర కలిపిన రోజులు గుర్తొచ్చాయి. నాకా పని చెప్పి ఫోటో తీసినవాళ్లు మాత్రం లేరు.

తరవాత కనిపించింది ఖర్చు. ఇంటర్నెట్ బిల్లు మాది. కరెంటు మాది. మధ్యలో కరెంటు పోతే టికెట్ ఆగకూడదని కొన్న ఇన్వర్టరు మాది. కుర్చీలో కూర్చుని నడుము నొప్పి వస్తే రాసుకునే మందు మాది. కంపెనీ ఇచ్చిందల్లా ఒక లాప్‌టాప్, దానికి అడుగున అంటించిన నంబరు చీటీ. 2020 లాక్‌డౌన్‌లో అందరూ ఇళ్లనుంచి పనిచేస్తే వాళ్లు హైదరాబాదులో అద్దెకున్న అంతస్తు ఖాళీ చేసేశారట. అద్దె మిగిలింది. ఆ మిగిలినదాంట్లో మా ఇన్వర్టరుకు ఒక్క పైసా రాలేదు.

మావారికి ఇవేవీ పట్టలేదు గానీ ఒక్క విషయం పట్టుకుంది. "అమ్మా, నీ అపాయింట్‌మెంట్ ఆర్డరు ఎక్కడ పెట్టావు?" అని అడిగారొకరోజు.

"ఆఫర్ లెటరు మెయిల్లో ఉంది మామా."

"ఆఫర్ కాదమ్మా, ఆర్డరు."

"అంటే... అదే మామా."

ఆయన మొహం చూడాలి! ముప్ఫై ఏళ్లు సర్వీసు రిజిస్టర్లు రాసిన మనిషి. ఎవరు ఏ రోజు చేరారు, ఎప్పుడు ఇంక్రిమెంటు, ఎన్ని రోజుల సెలవు, అన్నీ ఎర్రసిరా సంతకాలతో ఉండాలి ఆయనకు. "చేరినట్టు కాగితం లేకపోతే మనిషి చేరనట్టే" అన్నారు. పైపెచ్చు చేరేటప్పుడు తన ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ కంపెనీ తీసుకుంది. రెండేళ్లు మానకూడదని, మానితే లక్ష రూపాయలు కట్టాలని బాండు రాయించుకుంది. అంటే తన కాగితాలన్నీ వాళ్ల దగ్గర, వాళ్ల కాగితం ఒక్కటీ తన దగ్గర లేదు.

మా కె.సి. కాలువ చరిత్ర కూడా ఆయన ఇలాంటప్పుడే ఎత్తుకుంటారు. దాన్ని మొదట తవ్వించింది సర్కారు కాదు, 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ. పడవలు నడుపుతాం, పొలాలకు నీళ్లిస్తాం, లాభాలే లాభాలన్నారు. నడపలేక చేతులెత్తేస్తే 1882లో సర్కారు కొనుక్కోవాల్సి వచ్చింది. "కంపెనీ మాట నీటిమూట అని మా కాలువకు నూట నలభై ఏళ్లకిందటే తెలుసు" అంటారు. ఆ కాలువ నీళ్లతోనే మా పక్క ఇప్పటికీ వరి పండుతోంది లెండి, ఆ మాట ఆయన చెప్పరు.

ఇంతకీ ఆ యజమాని రాక్షసుడేం కాదు. ఇది నేను ఒప్పుకోవాలి. అమీర్‌పేటలో కోర్సు చేసి, తనూ రాత్రులు కూర్చుని టికెట్లు తీర్చి పైకొచ్చినవాడట. కరోనా రెండో వేవులో తన దగ్గర పనిచేసే కుర్రాడి నాన్నకు ఆసుపత్రి బిల్లులో సగం ఆయనే కట్టాడు. పుట్టినరోజులకు కేకు పంపేవాడు. అమెరికా ఖాతాదారులు అరవై రోజులకు గానీ డబ్బు పంపరు, నచ్చకపోతే నెలరోజుల నోటీసుతో కాంట్రాక్టు మానేస్తారు. ఆయన బాధలు ఆయనవి. అయితే ఆయన మేనేజింగ్ డైరెక్టరు, ఆయన భార్య లెక్కలు చూస్తుంది, బావమరిది హెచ్.ఆర్. ఇక ఎవరిమీద ఎవరికి ఫిర్యాదు చెయ్యాలి? అత్తమీద మామకు చెప్పుకున్నట్టే.

2024 జులై 19 మీకు గుర్తుండే ఉంటుంది. శుక్రవారం. క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా భద్రతా సంస్థ తన సాఫ్ట్‌వేరులో పంపిన ఒక తప్పుడు మార్పు వల్ల ప్రపంచమంతటా కంప్యూటర్ తెరలు నీలంగా మారి కూర్చున్నాయి. మొత్తం 85 లక్షల కంప్యూటర్లు అని మైక్రోసాఫ్ట్‌వాళ్లు లెక్క చెప్పారు. విమానాలు ఆగాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారని పేపర్లలో ఫోటోలు పడ్డాయి. మనకు పొద్దున పదింటికి ముందు మొదలైంది ఆ గొడవ. మా కోడలు రాత్రి డ్యూటీ దిగి నాలుగింటికి పడుకుంది. పదకొండింటికి ఫోను మోగింది.

దూరంనుంచి బాగుచేసే రోగం కాదట అది. కంప్యూటర్ తెరుచుకుంటేనే కదా లోపలికి వెళ్లేది! ఒక్కొక్క మిషనునూ దాని ముందు కూర్చున్న మనిషి చేత ప్రత్యేక పద్ధతిలో తెరిపించి, ఒక ఫైలు వెతికించి తీయించాలి. అవతల గోదాములో పనిచేసేవాళ్లకు కంప్యూటరు అంటే భయం. "కంగారు పడకండి, ఇప్పుడు ఏం కనిపిస్తోందో నాకు చదివి చెప్పండి" అని ఫోనులో ఒకే మాట నిదానంగా, వందసార్లు. నేను ఉగ్గాని చేసి పెట్టాను, అది ఆరిపోయి రాళ్లలా అయ్యింది. మర్నాడు తెల్లవారుజామున అయిదింటికి లేచింది కుర్చీలోంచి. పద్ధెనిమిది గంటలు. ఒక్క ఖాతాదారుడూ పోలేదు.

మూడు రోజుల తరవాత అందరికీ మెయిల్ వచ్చింది, చప్పట్లు కొట్టే బొమ్మతో. ఫోనులో అందరూ మాట్లాడుకునే సమావేశంలో ఒక కుర్రాడు నెమ్మదిగా, "సార్, ఆ రోజు ఓవర్‌టైమ్ ఏమైనా..." అన్నాడట. యజమాని నవ్వి, "కుటుంబంలో ఎవరైనా ఓవర్‌టైమ్ అడుగుతారా?" అన్నాడు.

తలుపు అవతల కందిపప్పు ఏరుతున్నదాన్ని, నా చెయ్యి ఆగిపోయింది. నిజమే, అడగరు. నేనెప్పుడైనా అడిగానా? మన దేశంలో ఎవరు రోజుకు ఎంతసేపు ఏ పని చేస్తారో సర్కారువారు సర్వే చేస్తుంటారు. 2024 లెక్కల ప్రకారం 15 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లు జీతంలేని ఇంటిపనికి రోజుకు 305 నిమిషాలు పెడుతున్నారు. అయిదు గంటల పైమాట. దానికి టికెట్ లేదు, రిజిస్టరు లేదు, సెలవు లేదు. ఇంట్లో ప్రేమ ఉంటుంది కనక మనం ఆ లెక్క అడగం, లేదా అడగలేం. సరే, అది మన ఇంటి గొడవ, మనమూ మనవాళ్లూ తేల్చుకుంటాం. కానీ వ్యాపారం చేసుకునేవాడు మన ఇంట్లోంచి ఆ ఒక్క అలవాటునే, లెక్క అడగని అలవాటునే ఏరుకుని తీసుకెళ్లి, దానికి 'కుటుంబం' అని పేరు పెడితే ఎలా? ఇంట్లో ఆస్తిలో వాటా ఉంటుంది. జబ్బు చేస్తే మానెయ్యమనరు. ఆయన లాభాల్లో ఈ కుటుంబసభ్యులకు వాటా ఉందా?

పెద్ద పెద్దవాళ్లే ఇలా మాట్లాడుతుంటే చిన్నవాళ్లను ఏమనుకోవాలి? 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారు కుర్రవాళ్లు వారానికి 70 గంటలు పనిచెయ్యాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టి ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్‌గారు 90 గంటలన్నారు. ఆదివారం ఇంట్లో కూర్చుని భార్య మొహం ఎంతసేపు చూస్తారని కూడా అడిగారు. మావారికి ఆ వార్త చదివి వినిపించాను. "ఆదివారం ఆయన మొహం చూసే తీరిక నాకుంటే కదా!" అన్నాను. మావారు పేపరు అడ్డం పెట్టుకున్నారు.

సరే, అసలు కష్టం 2025 ఆగస్టులో మొదలైంది. ఆ నెల జీతం అక్టోబరులో వచ్చింది. సెప్టెంబరుది రాలేదు, అక్టోబరుది రాలేదు, నవంబరుది రాలేదు. నెలకు 26,000 రూపాయలు. మాకు అదేం చిన్నమొత్తం కాదు, ఇంటి అప్పు వాయిదా అందులోంచే పోతుంది. అడిగితే "ఇంట్లో కష్టం వస్తే అందరం సర్దుకోమా?" అన్నారు. ఒక కుర్రాడు ఉమాంగ్ యాప్‌లో పి.ఎఫ్. పాస్‌బుక్ చూసుకుంటే మార్చి తరవాత జమ లేదు. జీతంలో మాత్రం ప్రతి నెలా కోశారు. అది విని మా కోడలూ చూసుకుంది. తనదీ అంతే.

ఇంకో కంపెనీలో ఉద్యోగం దొరికింది. వాళ్లు జనవరి మొదటి వారంలో ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించమన్నారు. ఇవేమో ఇక్కడ చిక్కుకున్నాయి. బాండు గడువు 2024లోనే తీరిపోయింది, అయినా "సేఫ్‌గా ఉన్నాయమ్మా, ఎక్కడికి పోతాయి" అంటారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టయింది. ఆ డిసెంబరంతా ఆ పిల్ల మౌనంగా తిరిగింది. రాత్రి టికెట్లు, పగలు నిద్రలేదు. చదివిన పదహారేళ్ల చదువూ ఎవరిదో బీరువాలో ఉండిపోతే ఎలా ఉంటుందో ఆ మొహంలో చూశాను.

అప్పుడు మా కాలువ ఆఫీసు గుమాస్తాగారు రంగంలోకి దిగారు. 2025 నవంబరు 21 నుంచి దేశంలో కొత్త కార్మిక చట్టాలు అమల్లోకి వచ్చాయని పేపర్లో వచ్చిన ముక్క ఆయన కత్తిరించి పెట్టుకున్నారు. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి. నెల జీతం మరుసటి నెల ఏడో తేదీ లోపల ఇవ్వాలి. మానేస్తే రెండు పనిదినాల్లో బాకీ జీతం లెక్క తేల్చాలి. ఏడో తేదీ మాట కొత్తదేం కాదట, 1936 నాటి చట్టంలోనూ ఉంది. అయితే ఆ పాత చట్టం చివరికి నెలకు 24,000 లోపు జీతగాళ్లకే వర్తించేది. మా కోడలు ఆ గీతకు రెండు వేలు అవతల ఉండిపోయింది. ఇప్పుడు ఆ గీత చెరిపేశారు.

బాండుల మాట కూడా ఆయన వెతికారు. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వరంగ బ్యాంకు కేసులో, గడువుకు ముందే మానినవాడి దగ్గర రెండు లక్షలు వసూలు చెయ్యడం చెల్లుతుందని చెప్పింది. "కాబట్టి బాండంటే వట్టి బెదిరింపని కొట్టిపారెయ్యకూడదు" అన్నారు. "కానీ మనది గడువు తీరిన బాండు. తీరిన అప్పుకు తాకట్టు వస్తువు ఉంచుకునే షావుకారు ఎక్కడైనా ఉన్నాడా?"

ఇక రుజువులు. ఇక్కడే నాకు మా కోడలి తెలివి నచ్చింది. "మామా, నాకు రిజిస్టరు లేదనుకోకండి" అంది. ప్రతి టికెట్టుమీదా ఎవరు తీశారు, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు మొదలుపెట్టారు, ఎప్పుడు ముగించారు అని పడి ఉంటుందట. మూడేళ్ల పైచిలుకు రాత్రులు అందులో ఉన్నాయి. ఖాతాదారుల వివరాలేవీ తీయకుండా, తేదీలూ వేళలూ మాత్రం ఒక పట్టీగా రాసుకుంది. మనిషిమీద నిఘా కోసం పెట్టిన లెక్కే మనిషికి సాక్ష్యమైంది. మావారు ఆ పట్టీని ట్యాగు దారంతో కుట్టి, "ఇదే నీ సర్వీసు రిజిస్టరు" అన్నారు.

రాజీనామా మెయిలు వెళ్లింది. మావారు రాసిన ముసాయిదాలో "పై విషయమును తమరి దివ్యసముఖమునకు" అని ఉంటే కొట్టేసి, నాలుగు వాక్యాల్లో తేల్చింది. బాకీ నెలలు, పి.ఎఫ్. జమ, సర్టిఫికెట్లు, తేదీ. సాయంత్రానికే యజమాని ఫోను. గొంతులో కోపంకన్నా బాధే ఎక్కువ వినిపించింది.

"నువ్వు మా ఇంటి ఆడపడుచు లాంటిదానివమ్మా! నాకు లాయరు భాషలో మెయిల్ రాస్తావా?"

మా కోడలు ఒక్క క్షణం ఆగింది. "సార్, ఆడపడుచునైతే చీరా సారె పెట్టి పంపించండి. ఉద్యోగినైతే జీతం, సర్టిఫికెట్లు ఇచ్చి పంపించండి. ఏదో ఒకటి చెయ్యండి సార్."

అవతల చాలాసేపు మాట లేదు. "చూస్తానమ్మా" అని పెట్టేశాడు.

తొమ్మిదో రోజున కొరియర్‌లో సర్టిఫికెట్లు వచ్చాయి. పదో తరగతి మార్కుల జాబితా నుంచి డిగ్రీ దాకా ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుని, ఆ పిల్ల గది తలుపేసుకుని కాసేపు ఏడ్చింది. రెండు నెలల జీతం జమ అయింది. మూడో నెలదీ, పి.ఎఫ్. బాకీ ఇంకా రాలేదు. పి.ఎఫ్. ఆఫీసుకు ఫిర్యాదు పెట్టింది. ఆ కాగితం నకలు మావారి ఫైల్లో ఉంది. తనతో పనిచేసిన మరో నలుగురు ఆ ఫిర్యాదు ఎలా రాయాలో తనను అడిగి రాసుకున్నారు.

కొత్త కంపెనీలో జీతం పాతదానికన్నా రెండు వేలు తక్కువ. కానీ నియామక పత్రం వచ్చింది, దాంట్లో పనిగంటలున్నాయి, జీతం తేదీ ఉంది, ఇంటర్నెట్‌కు నెలకు ఇంత అని ఉంది. అక్కడి మేనేజరు ఎప్పుడూ కుటుంబం మాట ఎత్తలేదట. తనను పేరుపెట్టి పిలుస్తుంది, షిఫ్టు అయిపోగానే "ఇక వెళ్లి పడుకో" అంటుంది. "కొంచెం పొడిగా ఉంటుందత్తా, కానీ హాయిగా ఉంది" అంది మా కోడలు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఈ ఉద్యోగాలు ఇక మన ఊళ్లకూ వస్తున్నాయి. 2025 ఫిబ్రవరి 11న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడుగారు, ముఖ్యంగా ఆడవాళ్ల కోసం ఇంటినుంచి పనిచేసే ఉద్యోగాలను రాష్ట్రంలో పెద్ద ఎత్తున తేవాలని ఉందని ప్రకటించారు. అదే ఏడాది జూన్‌లో మన మంత్రివర్గం రోజుకు పనిగంటల పరిమితిని తొమ్మిదినుంచి పదికి పెంచడానికి ఒప్పుకుంది. పని రావడం మంచిదే, వద్దనేవాళ్లెవరు? కానీ ఇంట్లో చేసే పని ఇంటిపనిలో కలిసిపోవడం చాలా సులువు. నిజామాబాద్ వైపు ఆడవాళ్లు ఇళ్లల్లో కూర్చుని బీడీలు చుడతారు. 1966లోనే వచ్చిన బీడీ కార్మికుల చట్టం, ఇంట్లో చుట్టేవాళ్లను కూడా కార్మికులే అంది. ఇల్లు వేరు, పని వేరు అని అరవై ఏళ్లకిందటే వాళ్ల విషయంలో ఒప్పుకున్నారు. ఇంజనీరింగ్ చదివిన పిల్లలకు ఆ మాత్రం దక్కొద్దూ?

మొన్న ఎదురింటావిడ మళ్లీ వచ్చింది. వాళ్ల అమ్మాయికి ఏదో కంపెనీ ఇంటినుంచే పని ఇస్తామందట, సర్టిఫికెట్లు పంపమన్నారట. పెళ్లికొడుకు గురించయితే మనం ఊరూవాడా విచారిస్తాం, జీతమెంతో, అప్పులున్నాయో, ముక్కోపమో అడుగుతాం. కంపెనీనీ అలాగే అడగమన్నాను. నియామక పత్రం ఎప్పుడిస్తారు, జీతం ఏ తేదీన, ఎన్ని గంటలు, పి.ఎఫ్. ఉందా, కరెంటు పోతే ఎవరిది నష్టం అని. సర్టిఫికెట్లు చూపించాలే గానీ, ఇచ్చి రాకూడదని కూడా చెప్పాను.

"అన్ని అడిగితే ఏమనుకుంటారో అక్కా! వాళ్లు చానా మంచోళ్ల మాదిరి ఉన్నారు. మీ అమ్మాయి మా ఇంటి పిల్లే అన్నారు" అంది.

"అలాగన్నారా?" అన్నాను. "అయితే మొదట జీతం తేదీ అడగమను."